ఐదింటికి, ఐదింటికల్లా, ఐదింటి దాకా: ఇంగ్లిష్‌లో సమయం చెప్పేటప్పుడు ఏ ప్రిపొజిషన్ ఎక్కడ పెట్టాలి

అమీర్‌పేటలో మా సాయంత్రం బ్యాచ్ ఏడింటికి మొదలవుతుంది. ఆఫీసు అయ్యాక మెట్రో దిగి నేరుగా క్లాసుకి వచ్చేవాళ్ళే ఎక్కువ. పోయిన వానాకాలం ఒక అబ్బాయి క్లాసయ్యాక ఆగి, తను పంపిన మెయిల్ ఫోన్‌లో చూపించాడు. ‘ఐ విల్ సెండ్ ద రిపోర్ట్ అంటిల్ ఫ్రైడే’ అని ఉంది. దానికి అవతలివాళ్ళ జవాబు: శుక్రవారం వరకు రోజూ పంపుతావా, లేక ఒకేసారి పంపుతావా?

“ఇందులో అర్థం కానిదేముంది సార్?” అన్నాడు.

“ఏమనుకుని రాశావో తెలుగులో చెప్పు బాబూ.”

“శుక్రవారం కల్లా పంపిస్తా అని.”

“మరి శుక్రవారం దాకా పంపిస్తా అంటే?”

కాసేపు ఫోన్ వంకే చూశాడు. “అది రోజూ పంపడం అవుతుంది కదా సార్” అన్నాడు మెల్లగా.

తేడా అతనికి తెలుసు. చిన్నప్పటి నుంచీ తెలుసు. ‘ఆరింటికల్లా ఇంట్లో ఉండాలి’ అని అమ్మ చెప్పినా, ‘ఆరింటి దాకా ఆడుకో’ అని చెప్పినా ఏ పిల్లాడూ పొరబడడు. తెలుగులో అంత ఖచ్చితంగా తెలిసిన విషయాన్ని ఇంగ్లిష్‌లో కొత్తగా బట్టీ పట్టాలనుకోవడం వల్లే ఈ చిక్కంతా వస్తోందని నా నమ్మకం. ఇన్నేళ్ళుగా క్లాసులో నేను చేస్తున్నది ఒక్కటే: తెలుగు మాట తోకని వినిపించి, దానికి ఇంగ్లిష్‌లో ఏది సరిపోతుందో చూపించడం. మీరూ అలాగే చేసి చూడండి.

మొదటి మెట్టు: వాక్యం తెలుగులో పూర్తిగా అనుకోండి

బళ్ళో ‘కి, కు, యొక్క, లో, లోపల’ అని విభక్తులు వల్లె వేశాం కదా. మనవి మాట వెనక అంటుకుంటాయి, ఇంగ్లిష్‌వి మాట ముందు నిలబడతాయి. పని దాదాపు ఒకటే. కాబట్టి మెయిల్ రాసేముందు, ఫోన్‌లో మాట్లాడేముందు, ఆ సమయం ముక్కని తెలుగులో పైకే అనండి. ‘ఐదింటికి’ అన్నారా, ‘ఐదింటికల్లా’ అన్నారా, ‘ఐదు నుంచి’ అన్నారా? ఆ చివరి అక్షరాల్లోనే జవాబు ఉంటుంది.

ఒక్క ఇబ్బంది మాత్రం ఉంది. కొన్నిచోట్ల మనకి తోకే ఉండదు. ‘సోమవారం వస్తా’, ‘పొద్దున ఫోన్ చేస్తా’ అంటాం. వీటికి వేరే చిట్కా ఉంది, తర్వాతి మెట్టులోనే చెప్తాను.

రెండో మెట్టు: కి, నాడు, లో

వీలైతే ఒకసారి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళండి. అక్కడి సంగీత గడియారం ముందు గంట గంటకీ జనం చేరతారు. పన్నెండింటికైతే మరీ ఎక్కువ, పన్నెండు దెబ్బలూ వినొచ్చని. గంట కావస్తుండగా గడ్డమున్న చిన్న బొమ్మ ఒకటి బయటికొచ్చి గంట కొట్టి వెళ్ళిపోతుంది. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న తండ్రులు, ఫోన్లు పైకెత్తిన కాలేజీ పిల్లలు, అందరూ ఆ దెబ్బ కోసమే ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. ఆ దెబ్బ పడే క్షణం ‘యాట్’. సూది మొనంత సమయం. ‘యాట్ 12’, ‘యాట్ నూన్’, ‘యాట్ 4.30’. తెలుగులో ‘కి’ వస్తుంది: పన్నెండింటికి, నాలుగున్నరకి.

అదే మ్యూజియానికి శుక్రవారం సెలవు. ‘ద మ్యూజియం ఈజ్ క్లోజ్డ్ ఆన్ ఫ్రైడేస్.’ రోజుకి, తేదీకి ‘ఆన్’. ఇక్కడ తెలుగులో తోక కనిపించకపోయినా, ‘నాడు’ అని గానీ ‘రోజున’ అని గానీ తగిలించి చూడండి. శుక్రవారం నాడు, ఉగాది నాడు, పుట్టినరోజు నాడు. అతికితే ‘ఆన్’ పెట్టేయండి. నేను చెప్పాల్సిన చిట్కా ఇదే, దీని మీద మీరు ధైర్యంగా ఆధారపడొచ్చు. నెహ్రూ ఆ మ్యూజియాన్ని ప్రారంభించింది 1951 డిసెంబర్ 16న. ఆ ‘న’ కూడా ‘రోజున’లోని ‘న’యే. అందుకే ‘ఆన్ డిసెంబర్ 16, 1951’.

నెల, సంవత్సరం, రుతువు, శతాబ్దం అంటే గదిలాంటివి. లోపల ఎక్కడో ఆ సంగతి జరిగి ఉంటుంది. మ్యూజియం ఇప్పుడున్న భవనంలోకి 1968లో వచ్చింది: ‘ఇన్ 1968’. డిసెంబర్‌లో: ‘ఇన్ డిసెంబర్’. ఎండాకాలంలో: ‘ఇన్ సమ్మర్’. మన ‘లో’, వాళ్ళ ‘ఇన్’ ఇక్కడ తోబుట్టువులు.

మరి నెల, తేదీ, సంవత్సరం మూడూ కలిసి వస్తే? అన్నిటికంటే చిన్న ముక్కదే పెత్తనం. మూసీ వరద గురించి చెప్పాలనుకోండి. ‘ఇన్ 1908’, ‘ఇన్ సెప్టెంబర్ 1908’, కానీ తేదీ రాగానే ‘ఆన్ సెప్టెంబర్ 28, 1908’. తెలంగాణ ఏర్పడింది ‘ఇన్ 2014’ అనండి, ‘ఆన్ జూన్ 2, 2014’ అనండి. ‘ఇన్ జూన్ 2’ మాత్రం ఎప్పుడూ వద్దు.

పూట దగ్గర కొంచెం జాగ్రత్త పడాలి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడింటికీ ‘ఇన్ ద మార్నింగ్’, ‘ఇన్ ద ఆఫ్టర్‌నూన్’, ‘ఇన్ ద ఈవెనింగ్’. రాత్రికి మాత్రం ‘యాట్ నైట్’. ఎందుకలా అని అడిగితే నా దగ్గర చెప్పదగ్గ కారణం లేదు, నోటికి అలవాటు చేసుకోవడమే. అయితే పూటకి ముందు రోజు పేరు చేరితే పెత్తనం రోజుదే అవుతుంది. ‘ఆదివారం నాడు పొద్దున’ అని ‘నాడు’ అతుకుతోంది కదా, కాబట్టి ‘ఆన్ సండే మార్నింగ్’. ‘ఇన్ సండే మార్నింగ్’ కాదు. రాత్రి కూడా అంతే: ‘ఆన్ సాటర్‌డే నైట్’.

మన పండగలతో కసరత్తు చేయండి, బాగా పట్టుబడుతుంది. లష్కర్ బోనాలు ఆషాఢంలో ఒక ఆదివారం నాడు జరుగుతాయి. నెల కాబట్టి ‘ఇన్ ఆషాఢం’, రోజు కాబట్టి ‘ఆన్ ఎ సండే’. ‘బోనాలప్పుడు ఆ రోడ్డు మూసేస్తారు’ అనాలంటే ‘డ్యూరింగ్ బోనాలు’. తెలుగులో ‘అప్పుడు’ అని వచ్చి, దాని ముందు పండగో మీటింగో పరీక్షో ఉంటే ‘డ్యూరింగ్’. ముందున్నది క్రియ అయితే, అంటే ‘నేను వస్తున్నప్పుడు’ లాంటిదైతే, ‘వైల్ ఐ వాజ్ కమింగ్’.

మూడో మెట్టు: ఏమీ పెట్టకూడని చోట ఏమీ పెట్టకండి

వచ్చే, పోయిన, ఈ, ప్రతి. తెలుగులో ఈ నాలుగు మాటల్లో ఏదైనా ముందు వస్తే ఇంగ్లిష్‌లో ప్రిపొజిషన్ అక్కర్లేదు. ‘నెక్స్ట్ మండే’, ‘లాస్ట్ ఇయర్’, ‘దిస్ మంత్’, ‘ఎవ్రీ సండే’. ‘ఆన్ నెక్స్ట్ మండే’, ‘ఇన్ లాస్ట్ ఇయర్’ అనే మాటలు మన ఆఫీసుల్లో రోజూ వినిపిస్తాయి, రెండూ తప్పే. నిన్న, ఇవాళ, రేపు కూడా ఒంటరిగానే వస్తాయి.

ఇంకొకటి. ‘ఇవాళ పొద్దున’ అనేదాన్ని మనం ‘టుడే మార్నింగ్’ అంటాం. హైదరాబాద్‌లో అందరికీ అర్థమవుతుంది. బయటి దేశం వాళ్ళతో మాట్లాడేటప్పుడు ‘దిస్ మార్నింగ్’, ‘దిస్ ఈవెనింగ్’ అనండి. నిన్న రాత్రి ‘లాస్ట్ నైట్’, నిన్న పొద్దున మాత్రం ‘యెస్టర్‌డే మార్నింగ్’.

నాలుగో మెట్టు: కల్లా, దాకా, లోపు

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ మెట్టే. ఫీజు కట్టే గడువులు, పని అప్పగించే తేదీలు, ఫ్లైటు వేళలు అన్నీ ఇక్కడే ఉంటాయి. నింపాదిగా చదవండి.

‘కల్లా’ అంటే ‘బై’. పని ఒకసారి జరిగి అయిపోతుంది, ఆ గడువు దాటకుండా జరుగుతుంది. పంపడం, కట్టడం, చేరడం, పూర్తిచేయడం, ఇవ్వడం లాంటి క్రియలతో వస్తుంది. ‘శుక్రవారం కల్లా పంపిస్తా’: ‘ఐ విల్ సెండ్ ఇట్ బై ఫ్రైడే’. ‘తొమ్మిదింటికల్లా ఆఫీసులో ఉంటా’: ‘ఐ విల్ బి ఇన్ ద ఆఫీస్ బై 9’.

‘దాకా’ అన్నా ‘వరకు’ అన్నా ‘టిల్’ లేదా ‘అంటిల్’. పని సాగుతూ ఉంటుంది, ఆ సమయానికి ఆగుతుంది. ఉండటం, ఆగటం, ఎదురుచూడటం, తెరిచి ఉంచటం, పనిచేయటం. ‘ఆరింటి దాకా ఆఫీసులోనే ఉంటా’: ‘ఐ విల్ బి ఇన్ ద ఆఫీస్ అంటిల్ 6’.

పై రెండు పేరాల్లోనూ ‘ఐ విల్ బి ఇన్ ద ఆఫీస్’ అనే ముక్క మారలేదని గమనించారా? ‘బై’ పెడితే ఆ టైముకి వచ్చి ఉంటానని, ‘అంటిల్’ పెడితే ఆ టైముకి వెళ్ళిపోతానని. ఒక్క మాట తేడాతో మిమ్మల్ని కలవాల్సినవాళ్ళు ఖాళీ కుర్చీ ముందు కూర్చోవాల్సి వస్తుంది.

‘కాదు, రాదు’ చేరినప్పుడు కూడా తెలుగుని నమ్మండి. ‘ఐదింటి దాకా రాడు’ అంటే ఐదు తర్వాతే వస్తాడని కదా. ఇంగ్లిష్‌లోనూ అంతే: ‘హి వోంట్ కమ్ అంటిల్ 5’. మాటకి మాట సరిపోయింది.

ఇక ‘లోపు’. ఇది రెండు వేషాలు వేస్తుంది. ‘శుక్రవారం లోపు’ అంటాం, ‘మూడు రోజుల లోపు’ అనీ అంటాం. ఇంగ్లిష్ ఈ రెంటినీ విడదీస్తుంది. లోపుకి ముందు ఉన్నది గడియారం మీదో క్యాలెండర్ మీదో వేలు పెట్టి చూపించగలిగిన చోటైతే ‘బై’: ‘బై ఫ్రైడే’, ‘బై జూన్ 10’. లెక్కపెట్టి చెప్పే నిడివి అయితే ‘విదిన్’: ‘విదిన్ త్రీ డేస్’, ‘విదిన్ టూ అవర్స్’. ‘విదిన్ ఫ్రైడే’ అని రాసిన మెయిళ్ళు నా దగ్గరికి వారానికి ఒకటైనా వస్తాయి. తెలుగులో ‘శుక్రవారం లోపు’ సహజంగా ఉంది కాబట్టే ఆ తప్పు జరుగుతోంది, రాసినవాళ్ళ తెలివితక్కువ వల్ల కాదు.

‘బిఫోర్ ఫ్రైడే’ అంటే గురువారంతో గడువు సరి. ‘బై ఫ్రైడే’ అంటే శుక్రవారం కూడా లెక్కలోకి వస్తుంది. శుక్రవారం పొద్దునా సాయంత్రమా అన్న అనుమానం ఇంకా మిగులుతుంది కనుక, డబ్బుతో ముడిపడిన విషయమైతే ‘బై 5 పీఎం ఆన్ ఫ్రైడే’ అని పూర్తిగా రాయండి. ‘మిడ్‌నైట్ ఆన్ ఫ్రైడే’ అని అసలు రాయకండి. గురువారం వెళ్ళి శుక్రవారం వచ్చే అర్ధరాత్రా, శుక్రవారం వెళ్ళి శనివారం వచ్చే అర్ధరాత్రా అని చదివేవాళ్ళు తలపట్టుకుంటారు. ‘11.59 పీఎం ఆన్ ఫ్రైడే’ అంటే గొడవ ఉండదు.

ఐదో మెట్టు: నుంచి

‘కల్లా, దాకా’ల విషయంలో తెలుగు మనకి దారి చూపించింది. ‘నుంచి’ దగ్గర మాత్రం మనమే జాగ్రత్తగా ఉండాలి. మనం ఒకే మాటతో నెట్టుకొచ్చేదానికి ఇంగ్లిష్‌లో మూడున్నాయి: ‘ఫర్’, ‘సిన్స్’, ‘ఫ్రమ్’. బళ్ళో మనందరం రాసిన లీవ్ లెటర్ గుర్తుందా? ‘ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ టూ డేస్.’ తరాలుగా ఆ వాక్యం అలాగే చేతులు మారుతూ వస్తోంది.

దీనికి ‘గా’ పరీక్ష ఉంది. ‘నుంచి’ తీసేసి ఆ చోట ‘గా’ పెట్టి చదవండి.

‘మూడేళ్ళ నుంచి పనిచేస్తున్నాను.’ ‘మూడేళ్ళుగా పనిచేస్తున్నాను.’ అతికింది. కాబట్టి ‘ఫర్ త్రీ ఇయర్స్’.

‘2019 నుంచి పనిచేస్తున్నాను.’ ‘2019గా పనిచేస్తున్నాను.’ అతకలేదు. కాబట్టి ‘సిన్స్ 2019’.

‘రెండు రోజులుగా జ్వరం’ బాగుంది, అంటే ‘ఫర్ టూ డేస్’. ‘మంగళవారంగా జ్వరం’ అనం, అంటే ‘సిన్స్ ట్యూస్‌డే’. ‘గత మూడేళ్ళుగా’ కూడా అతుకుతుంది, అందుకని ‘ఫర్ ద లాస్ట్ త్రీ ఇయర్స్’. ‘సిన్స్ లాస్ట్ త్రీ ఇయర్స్’ అనే మాట మన నాలుక మీద బాగా పాతుకుపోయింది, దాన్ని పట్టుబట్టి వదిలించుకోవాలి.

ప్రిపొజిషన్ ఒక్కటీ సరిచేసి వదిలేస్తే సగం పనే అయినట్టు. మనం ‘పనిచేస్తున్నాను’ అంటాం కాబట్టి ‘ఐ యామ్ వర్కింగ్’ అని వస్తుంది. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ఇంగ్లిష్‌లో క్రియ కూడా మారాలి: ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్’. ‘హైదరాబాద్ మెట్రో హాజ్ బీన్ రన్నింగ్ సిన్స్ నవంబర్ 2017.’ జ్వరం ఉత్తరం కూడా: ‘ఐ హావ్ హాడ్ ఎ ఫీవర్ ఫర్ టూ డేస్’.

ఇంటర్వ్యూలో ఇది మరీ ముఖ్యం. ‘ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్’ అంటే ఆ ఉద్యోగం మానేశారని అర్థం. ఇంకా చేస్తూనే ఉండి అలా చెప్తే, మధ్యలో ఖాళీగా ఉన్నారేమోనని అవతలివాళ్ళు అనుకుంటారు. ‘ఐ హావ్ వర్క్‌డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్’ అనండి.

మరి ‘ఫ్రమ్’ ఎప్పుడు? ఇంకా మొదలుకానిదానికి: ‘రేపటి నుంచి’ అంటే ‘ఫ్రమ్ టుమారో’. లేదా మొదలూ చివరా రెండూ చెప్పేటప్పుడు. నాంపల్లి నుమాయిష్, అంటే అక్కడి ఎగ్జిబిషన్, మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా జరుగుతుంది: ‘ఫ్రమ్ జనవరి 1 టు ఫిబ్రవరి 15’. ఆ ఒక్క నుమాయిష్‌తో ఇప్పటిదాకా చెప్పినవన్నీ సాధన చేయొచ్చు. మొదటిసారి జరిగింది ‘ఇన్ 1938’. ప్రతి ఏడూ తెరిచేది ‘ఆన్ జనవరి 1’. నడిచేది ‘ఫర్ 46 డేస్’. ఉండేది ‘అంటిల్ ఫిబ్రవరి 15’. స్టాల్ వాళ్ళు సరుకు సర్దుకోవాల్సింది ‘బై డిసెంబర్ 31’. ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో కూర్చుని ఈ అయిదూ వాక్యాలుగా అనుకోండి.

‘సేపు’, ‘పాటు’ కూడా ‘ఫర్’ బాపతే. రెండు గంటల సేపు ‘ఫర్ టూ అవర్స్’, నాలుగు రోజుల పాటు ‘ఫర్ ఫోర్ డేస్’. ‘డ్యూరింగ్ టూ అవర్స్’ అనకూడదు. ‘క్రితం’ అయితే ‘అగో’, అది మాత్రం మనలాగే వెనక వస్తుంది: ‘టూ డేస్ అగో’. ‘రెండు రోజుల ముందు పంపాను’ అనుకుని ‘బిఫోర్ టూ డేస్’ అని రాయకండి.

ఆరో మెట్టు: ‘వారంలో’ అంటే ఎప్పుడు?

‘లో’, ‘ఇన్’ తోబుట్టువులన్నాను, ఇక్కడ మాత్రం విడిపోతాయి. మనం ‘వారంలో ఇచ్చేస్తా’ అంటే రేపిచ్చినా, ఎల్లుండిచ్చినా, ఆరో రోజిచ్చినా మాట నిలబెట్టుకున్నట్టే. ఇంగ్లిష్‌వాళ్ళు ‘ఇన్ ఎ వీక్’ అంటే వారం గడిచాక, ఇంచుమించు ఏడో రోజుకి అని. మనం అనుకున్న అర్థం రావాలంటే ‘విదిన్ ఎ వీక్’.

‘పది నిమిషాలాగి ఫోన్ చేస్తా’ అనేదాన్ని మనం ‘ఆఫ్టర్ టెన్ మినిట్స్’ అంటాం. ఇప్పటి నుంచి లెక్కపెట్టేటప్పుడు ‘ఐ విల్ కాల్ యూ ఇన్ టెన్ మినిట్స్’ అనాలి. ‘ఆఫ్టర్’ని సంఘటనల కోసం దాచుకోండి: ‘ఆఫ్టర్ లంచ్’, ‘ఆఫ్టర్ ద మీటింగ్’.

చిన్నవే కానీ వదలకూడనివి

నెల చివర్లో: ‘యాట్ ద ఎండ్ ఆఫ్ ద మంత్’. చివరికి ఒప్పుకున్నాడు: ‘ఇన్ ది ఎండ్ హి అగ్రీడ్’. చివర్లో, చివరికి అని మనకే రెండు మాటలున్నాయి, కలిపేయకండి.

బండి వేళకి వచ్చింది: ‘ద ట్రెయిన్ కేమ్ ఆన్ టైమ్’. బండి కదిలేలోగా మనం ప్లాట్‌ఫామ్ మీదికి పరుగెత్తి అందుకున్నాం: ‘వి వర్ జస్ట్ ఇన్ టైమ్’.

ఆఫీసు మెయిళ్ళ కోసం

మాదాపూర్, గచ్చిబౌలిలో పనిచేసేవాళ్ళకి ఇంకొంచెం అవసరం పడుతుంది. మీటింగ్ జరిపినప్పుడు ‘టు’, ‘బై’ రెండూ వస్తాయి. రెండింటికి జరిపారు: ‘మూవ్డ్ టు 2’. రెండు గంటలు జరిపారు: ‘మూవ్డ్ బై టూ అవర్స్’. ‘ప్రీపోన్’, అంటే అనుకున్న టైముకంటే ముందే పెట్టడం, మన దేశంలో చక్కగా చెల్లుతుంది, నాకూ ఇష్టమైన మాటే, కానీ అమెరికా క్లయింట్‌కి అది కొత్తగా ఉండొచ్చు. ‘ద మీటింగ్ ఈజ్ నౌ యాట్ 3’ అని కొత్త టైమే చెప్పేయండి.

వాళ్ళు చెప్పేవి కూడా అర్థం కావాలి. అమెరికన్లు ‘మండే త్రూ ఫ్రైడే’ అంటే శుక్రవారం కూడా కలిపి. లండన్ మనిషి ‘హాఫ్ ఫైవ్’ అంటే నాలుగున్నర కాదు, ఐదున్నర. వారాంతానికి అమెరికన్లు ‘ఆన్ ద వీకెండ్’ అంటారు, బ్రిటిష్‌వాళ్ళు ‘యాట్ ద వీకెండ్’ అంటారు. రెండూ ఒప్పే, ఎవరితో ఎక్కువ మాట్లాడితే వాళ్ళది పట్టుకోండి.

‘నెక్స్ట్ ఫ్రైడే’ అంటే రాబోయే శుక్రవారమని కొందరు, ఆ పై వారానిదని కొందరు అనుకుంటారు. పక్కన తేదీ వేయండి. తేదీని 07/08 అని అంకెల్లో వేయకుండా నెల పేరు రాయండి. మనకి అది ఆగస్టు 7, అమెరికాలో జూలై 8.

టైమ్ జోన్ ఉన్నచోట రోజు పేరు తప్పనిసరి. న్యూయార్క్ మనకంటే చలికాలంలో పదిన్నర గంటలు, అక్కడి వేసవి సమయంలో తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటుంది. వాళ్ళకి ‘ఆన్ థర్స్‌డే నైట్’ అయినది మనకి ‘ఆన్ ఫ్రైడే మార్నింగ్’. ‘యాట్ 7 ఏఎం ఐఎస్‌టీ ఆన్ ఫ్రైడే’ అని మన సమయం, మన రోజు రెండూ వేయండి.

ఆఖరి మెట్టు: మీ లీవ్ మెయిల్ మీరే రాయండి

వారం రోజుల పాటు, రోజుకి ఒక మెయిల్ చొప్పున, పంపేముందు అందులోని సమయం మాటల కింద గీత గీయండి. ఒక్కోదాన్ని తెలుగులో పైకి అని, తోక విని, ఇంగ్లిష్‌లో పెట్టింది సరిపోయిందో లేదో చూడండి. మొదట్లో మెయిల్‌కి అయిదు నిమిషాలు పడుతుంది, తర్వాత తర్వాత గీత గీయకుండానే కన్ను పట్టేస్తుంది.

మొదటి మెయిల్‌గా ఆ పాత జ్వరం ఉత్తరాన్నే తీసుకోండి. రెండు రోజులుగా జ్వరం. నిన్న రాత్రి ఎక్కువైంది. ఇవాళ పొద్దున పదింటికి డాక్టర్ దగ్గరికి వెళ్తున్నా. బుధవారం నుంచి శుక్రవారం వరకు సెలవు కావాలి. రిపోర్ట్ సోమవారం మధ్యాహ్నం కల్లా పంపిస్తా. ‘ఆన్ లీవ్ టిల్ ఫ్రైడే’ అని రాస్తే శుక్రవారం వస్తారో రారో తేలదు కాబట్టి తిరిగొచ్చే రోజు విడిగా చెప్పండి.

‘ఐ హావ్ హాడ్ ఎ ఫీవర్ ఫర్ టూ డేస్. ఇట్ గాట్ వర్స్ లాస్ట్ నైట్. ఐ యామ్ సీయింగ్ ద డాక్టర్ యాట్ 10 దిస్ మార్నింగ్. ఐ నీడ్ లీవ్ ఫ్రమ్ వెన్స్‌డే టు ఫ్రైడే. ఐ విల్ బి బ్యాక్ ఆన్ మండే, అండ్ ఐ విల్ సెండ్ ద రిపోర్ట్ బై నూన్ దట్ డే.’